ఓక్లహోమాలో నేరం జరిగితే విచారణ ఎవరిది?

అమెరికాలో హత్యయినా దొంగతనమైనా మామూలుగా విచారించేది రాష్ట్ర కోర్టులే. కానీ ఓక్లహోమా తూర్పు భాగంలో నిందితుడిది మూలవాసి తెగా కాదా, బాధితుడి సంగతేంటి అన్నది తేలాకే ఏ కోర్టో తేలుతుంది. ఈ చిక్కు దాదాపు 200 ఏళ్ల నాటిది.

లైసెన్సు లేకుండా చెరోకీ అనే మూలవాసి తెగ భూమిలో ఉంటున్నాడని శామ్యూల్ వూస్టర్ అనే మిషనరీకి జార్జియా రాష్ట్ర కోర్టు నాలుగేళ్ల కఠిన శిక్ష వేసింది. తెగల భూమిలో రాష్ట్ర చట్టాలు చెల్లవని 1832లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పారు. తీర్పు గొప్పదే, చెరోకీలకు ఒరిగిందేమీ లేదు. ఆరేళ్లు తిరిగేసరికి సైన్యం వాళ్లను ఇప్పటి ఓక్లహోమాకు తరిమేసింది. క్రీక్ తెగవాళ్లనైతే అంతకుముందే పంపేశారు. కొత్త భూమి మీదేనని ఒప్పందాలు రాసిచ్చారు.

1881లో డకోటాలో క్రో డాగ్ అనే వ్యక్తి తన తెగ నాయకుడు స్పాటెడ్ టెయిల్‌ను కాల్చి చంపాడు. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చున్నట్టే అక్కడా కూర్చున్నారు. 600 డాలర్లు, 8 గుర్రాలు, ఒక దుప్పటి మృతుడి కుటుంబానికి ఇచ్చేలా రాజీ కుదిరింది. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఊరుకోలేదు, తన కోర్టులో కేసు పెట్టి ఉరిశిక్ష వేయించింది. అలా విచారించే అధికారం ఆ కోర్టుకు లేదంటూ 1883లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. దాంతో గగ్గోలు పుట్టింది. 1885లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చేసి, తెగలవాళ్లు తమ భూమిలో చేసే హత్య లాంటి ఏడు పెద్ద నేరాలను ఫెడరల్ ప్రభుత్వం చేతికిచ్చింది. రాష్ట్రాలకు ఇవ్వలేదు. అసలు కీలకం ఇదే.

1907లో ఓక్లహోమా రాష్ట్రమైంది. తెగల భూముల్ని అప్పటికే ముక్కలు చేసి మనిషికింత అని పంచేశారు కాబట్టి పాత హద్దులు చెరిగిపోయాయని రాష్ట్రం అనుకుంది. వందేళ్లకు పైగా కేసులు నడిపింది, మరణశిక్షలూ వేసింది. క్రీక్ భూమి హద్దుల్ని కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదని 2020 జూలైలో మెక్‌గర్ట్ అనే ఖైదీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. తీర్పు రాసింది ఏ లిబరలో కాదు, ట్రంప్ నియమించిన గోర్సచ్. టల్సా నగరంలో చాలా భాగం నేర చట్టం దృష్టిలో క్రీక్ భూమే అయింది. మరుసటి ఏడాది రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టు ఇదే సూత్రాన్ని చెరోకీ, చిక్‌సా, చాక్టా, సెమినోల్ భూములకూ వర్తింపజేసింది. కేసులన్నీ ఒక్కసారిగా మీదపడి ఫెడరల్ ప్రాసిక్యూటర్లకు ఊపిరాడలేదు. పాత ఖైదీలంతా బయటపడతారన్న టెన్షన్ మొదలైంది. అప్పటికే ముగిసిన కేసులకు ఇది వర్తించదని రాష్ట్ర కోర్టే చెప్పి ఆ దారి మూసేసింది.

ఇంతలో న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ మరణించారు, ఆమె స్థానంలో బారెట్ వచ్చారు. 2022లో ఇంకో కేసులో మళ్లీ 5-4, ఈసారి రాష్ట్రం వైపు. బాధితులు తెగవాళ్లయినా నిందితుడు బయటివాడైతే ఫెడరల్ ప్రభుత్వంతో పాటు రాష్ట్రమూ కేసు నడపొచ్చన్నారు. వూస్టర్ తీర్పును గుర్తుచేస్తూ గోర్సచ్ ఘాటుగా విభేదించారు. తెగల సొంత కోర్టుల సంగతా? బయటివాళ్ల నేరాల్ని విచారించే అధికారం వాటికి లేదని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస లాంటి కొన్ని నేరాలకు మాత్రం 2013 నుంచి కాంగ్రెస్ మినహాయింపు ఇచ్చింది.