సంతకం పెట్టని భార్యలు

చిరంజీవులైన పిల్లలిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మొన్న మీ పిన్ని మేము బెర్లిన్‌లో చూసిన ఒక స్మారకం ఫొటోలు పంపినప్పుడు, అక్కడికి వచ్చిన యూదు ఆడవాళ్ల బృందాన్ని చూసి పెద్దది ఫోనులో ఒక మాట అడిగింది. "ఆ యూదు ఆడవాళ్లు అంత దూరం నుంచి వచ్చి దండం పెట్టింది యూదులు కాని ఆడవాళ్లకా? ఎందుకు అమ్మమ్మా?" అని. ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే కాగితం తీశాను.

ఆ వీధి పేరు రోజెన్‌స్ట్రాసె, అంటే గులాబీల వీధి. గులాబీలు మాత్రం నాకు కనిపించలేదు. నగరం నడిబొడ్డున ఉన్న అలెగ్జాండర్‌ప్లాట్జ్ కూడలి నుంచి నా మోకాళ్లతో కూడా నడవగలిగిన దూరమే. అక్కడ 2-4 నంబరులో ఒకప్పుడు యూదు సమాజంవారి సహాయ కార్యాలయం ఉండేది. ఆ భవనం ఇప్పుడు లేదు. పక్కనే చిన్న పార్కులో ఎర్రని రాతి దిమ్మలు ఉన్నాయి. ఇంగెబోర్గ్ హుంట్సింగర్ అనే శిల్పి చెక్కిన ఆడవాళ్లు వాటిలో ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉంటారు. 1995లో పెట్టారు. మేము వెళ్లేసరికి ఆ బృందం వాటి మీద చిన్న చిన్న రాళ్లు ఉంచుతోంది. యూదులు సమాధుల దగ్గర పూలకు బదులు రాళ్లు పెడతారు.

ఇక జరిగింది చెబుతాను. 1943 ఫిబ్రవరి 27, శనివారం. బెర్లిన్‌లో అప్పటికి మిగిలిన యూదుల్లో చాలామంది ఆయుధ కర్మాగారాల్లో వెట్టిచాకిరీ చేస్తున్నారు. తెల్లవారకముందే నాజీలు ఆ కర్మాగారాలను చుట్టుముట్టి, కోటు మీద యూదులు తప్పక కుట్టుకోవాల్సిన పసుపు నక్షత్రం ఉన్నవారిని ఉన్న బట్టలతోనే లారీలు ఎక్కించారు. వేలల్లో పట్టుకున్నారు. వారిలో యూదులు కాని భార్యలు ఉన్న మగవాళ్లను వేరు చేసి, మరికొందరితో కలిపి సుమారు 2,000 మందిని రోజెన్‌స్ట్రాసె భవనంలో కుక్కారు.

రాత్రయినా భర్త ఇంటికి రాలేదు. భార్యలు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ఆరా తీసి, ఒక్కొక్కరే ఆ గుమ్మం ముందుకు చేరారు. పోరాటానికి కాదు, మనిషి లోపల ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి. ఇంటి తాళాలు ఆయన దగ్గరే ఉండిపోయాయనో, రేషన్ కార్డులు ఆయన జేబులోనే ఉన్నాయనో కాపలావాళ్లకు చెప్పేవారు. లోపలి నుంచి ఆ తాళాలు వచ్చాయంటే మనిషి ఉన్నట్టే కదా! మన ఇళ్లలోనూ ఆడవాళ్ల తెలివి ఇలాగే పనిచేస్తుంది.

ఆ గుంపు వందలకు పెరిగింది. "మా ఆయనను మాకు ఇచ్చేయండి" అని అరుపులు మొదలయ్యాయి. కాల్చేస్తామంటే పక్క సందుల్లోకి చెదిరిపోయి, కాసేపటికి మళ్లీ వచ్చేవారు. మార్చి 1 రాత్రి బ్రిటిష్ విమానాలు నగరం మీద బాంబులు కురిపించాయి. ఆ తర్వాత కూడా వచ్చారు. ఇలా దాదాపు వారం. వారిని చెదరగొట్టడం ఆ ప్రభుత్వానికి చేతకాని పని కాదు. కానీ రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సైన్యం లొంగిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. ప్రజలంతా ఒక్కటిగా యుద్ధం వెనుక ఉన్నారని ప్రచార మంత్రి గోబెల్స్ ఊదరగొడుతున్న రోజులు. రాజధాని నడిబొడ్డున జర్మన్ ఆడవాళ్ల మీద తుపాకీ పేలితే ఆ మాట ఏమవుతుంది? అక్కడ ఇబ్బందికరమైన దృశ్యాలు జరిగాయని ఆయన తన డైరీలోనే రాసుకున్నాడు.

మార్చి 6 నుంచి ఎక్కువమందిని వదలడం మొదలుపెట్టారు. అప్పటికే ఆష్విట్జ్ అనే మరణ శిబిరానికి పంపేసిన 25 మందిని వెనక్కి రప్పించారు కూడా, అయితే అక్కడ చూసింది బయటపెట్టకుండా ఇంకో శిబిరంలో ఉంచారు. ఆడవాళ్ల అరుపులే వారిని విడిపించాయా, లేక ఆ మగవాళ్లను అప్పుడే పంపే ఉద్దేశం మొదటి నుంచీ లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

నన్నడిగితే ఆ వాదన ఎటు తేలినా ఫరవాలేదు. నా లెక్క ఆ వారంతో మొదలు కాదు, పదేళ్ల వెనుక మొదలవుతుంది. హిట్లర్ 1933లో గద్దెనెక్కాడు. 1935 చట్టాలు యూదులకూ ఇతర జర్మన్లకూ కొత్తగా పెళ్లిళ్లు జరగకూడదన్నాయి. పాత పెళ్లిళ్లను రద్దు చేయలేదు గానీ, ఆ భార్యలను విడాకులు తీసుకొమ్మని పీడించారు. ఇరుగుపొరుగు మాట్లాడటం మానేసేవారు, కొన్ని చోట్ల కన్నవాళ్లే గడప తొక్కనిచ్చేవారు కాదు. విడాకుల కాగితం మీద ఒక్క సంతకం పెడితే ఈ బాధలన్నీ తీరిపోతాయి. అయితే ఆ సంతకంతో భర్తకు ఉన్న ఒకే ఒక్క రక్షణ పోతుంది, తర్వాత శిబిరానికి రైలే. కొందరు పెట్టారు. పెట్టనివాళ్లు రోజూ వంట చేసుకుంటూ, యూదు భర్త పక్కన వీధిలో నడుస్తూ పదేళ్లు గడిపారు. యుద్ధం ముగిసేనాటికి జర్మనీలో శిబిరాలకు పోకుండా, అజ్ఞాతంలోకి వెళ్లకుండా బతికి ఉన్న యూదుల్లో అత్యధికులు ఇలాంటి భార్యలో భర్తలో ఉన్నవారే.

ఆ స్మారకం మీద ప్రేమ గురించి, శాసనోల్లంఘన గురించి గంభీరమైన మాటలు చెక్కారు. నాకు మాత్రం అందులోని చిన్న వాక్యమే నచ్చింది: "స్త్రీలు ఇక్కడ నిలబడ్డారు."

ఇక నువ్వు అడిగిన ప్రశ్న. బృందంలో నా ఈడు ఆవిడ ఒకరు బెంచీ మీద నా పక్కన కూర్చుంటే నేనూ అదే అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు, చేతిసంచి తెరిచి చూపించారు. లోపల ఇంకా బోలెడు గులకరాళ్లు. తర్వాత యూదులను రైళ్లెక్కించిన మోఆబిట్ గూడ్స్ స్టేషన్ ఉండిన చోటికి వెళ్తున్నామన్నారు. ఆ మార్చి మొదటి వారంలోనే బెర్లిన్ నుంచి దాదాపు 7,000 మంది యూదులను ఆష్విట్జ్‌కు పంపించారు. వాళ్లలో భర్త కోసం గుమ్మం ముందు నిలబడి అరవాల్సిన భార్య కూడా యూదే కాబట్టి అదే రైల్లో ఉంది. ఆ అరిచే హక్కు బయట ఎవరికి మిగిలిందో, వాళ్లు దాన్ని వాడారు. అందుకే ఇక్కడ కొన్ని రాళ్లు, మిగిలినవన్నీ అక్కడ.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. వచ్చే నెల వస్తాను.

మీ అమ్మమ్మ