టోపీని తిరగేసి చూడాలి: పాత స్వారీ టోపీలపై అపోహలు – వాస్తవాలు

బెంగళూరు చిక్‌పేట ఆదివారం సంతలో రెండేళ్ల కిందట ఒక వ్యాపారి నల్ల మఖమల్ స్వారీ టోపీని రెండు చేతులా పట్టుకుని, ప్రసాదం అందిస్తున్నంత భక్తిగా నా ముందుకు చాపాడు. "అన్నా, ఇది చర్చిల్ దొర గుర్రమెక్కేటప్పుడు పెట్టుకున్నది. తెలిసినవాళ్లని మీకు చూపిస్తున్నా" అన్నాడు. పదిహేడేళ్లుగా పాత స్వారీ టోపీలు సేకరిస్తున్న నాకు ఈ ఊళ్లో చర్చిల్ టోపీ ఎదురుకావడం అది నాలుగోసారి.

అపోహ: టోపీతోపాటు చెప్పే కథ దాని వయసుకు ఆధారం.

వాస్తవం: చర్చిల్ ఈ ఊళ్లో ఉన్న మాట నిజమే. ఆయన 1896లో నాలుగో హుస్సార్స్ అశ్వికదళంతో బెంగళూరు కంటోన్మెంటుకు వచ్చాడు, పోలో ఆడాడు, 1899లో సైన్యం వదిలి వెళ్లిపోయాడు. వసూలు కాని బాకీగా ఆయన పేరున రాసిన 13 రూపాయల పద్దు బెంగళూరు క్లబ్ పాత ఖాతా పుస్తకంలో ఇప్పటికీ ఉంది. బాకీకి కాగితం ఉంది కాబట్టి టోపీకీ ఉన్నట్టే అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. నేను ఆ టోపీని తిరగేసి చూశాను. అస్తరు మూలన కుట్టిన వేలెడంత చీటీ మీద నైలాన్ అని అచ్చువేసి ఉంది. నైలాన్ అనే పదార్థాన్ని లోకానికి ప్రకటించిందే 1938లో. టోపీ పెట్టడం అనే మాటకు మన భాషలో రెండో అర్థం ఊరికే రాలేదు గదా అనిపించింది. అయినా ఆ టోపీ చక్కటిదే కావడంతో, చర్చిల్‌ను వదిలేసి మిగిలినదానికి బేరమాడి తెచ్చుకున్నాను.

అపోహ: అస్తరు మీద సింహం, ఒంటికొమ్ము గుర్రం ఉన్న రాజముద్ర ఉంటే అది రాజకుటుంబం వాడిన టోపీ.

వాస్తవం: ఆ ముద్ర టోపీ తలకెత్తుకున్నవారిది కాదు, దాన్ని అమ్మిన దుకాణానిది. రాజకుటుంబానికి సరుకు సరఫరా చేసే వ్యాపారులకు బ్రిటన్‌లో ఇచ్చే గుర్తింపు అది. గుర్తింపు పొందిన దుకాణం దాన్ని తన సరుకు మీద వేసుకోవచ్చు. అయితే వయసు తేల్చడానికి ఆ ముద్ర కింది అక్షరాలు కొంతవరకు పనికొస్తాయి. "రాజుగారి నియామకం" అని ఉంటే అది 1901కీ 1952కీ మధ్య కాలానిది అయ్యుండవచ్చు. "రాణిగారి" అని ఉంటే మాత్రం తొందరపడి విక్టోరియా కాలానికి వెళ్లకూడదు, ఎందుకంటే 1952 నుంచి 2022 దాకా ఉన్నదీ రాణే. అలాగే అస్తరు మీద 1676 అని కనిపిస్తే అది లండన్‌లోని లాక్ టోపీల దుకాణం పుట్టిన ఏడాది, 1773 అని ఉంటే క్రిస్టీస్ అనే టోపీల సంస్థ పుట్టిన ఏడాది. టోపీ పుట్టిన ఏడాది అందులో ఎక్కడా ఉండదు.

అపోహ: బౌలర్ టోపీ లండన్ గుమాస్తాలది, స్వారీ టోపీల సేకరణలో దానికి చోటు లేదు.

వాస్తవం: అది పుట్టిందే గుర్రం మీది మనిషి కోసం. ఇంగ్లండులో నార్ఫక్‌లోని హోకం ఎస్టేటులో వేట జంతువులను కాపాడే కాపలాదార్లు గుర్రాల మీద తిరిగేటప్పుడు వాళ్ల ఎత్తు టోపీలను చెట్ల కొమ్మలు తన్నేస్తున్నాయని, ఆ ఎస్టేటు కుటుంబానికి చెందిన ఎడ్వర్డ్ కోక్ 1849లో లాక్ దుకాణానికి వచ్చి పొట్టిగా, గట్టిగా, గుండ్రంగా ఉండే టోపీ చేయించాడు. దాన్ని నేల మీద పెట్టి కాలితో తొక్కి, చెక్కు చెదరకపోవడం చూసి కొన్నాడని చెబుతారు. గుమాస్తాలు దాన్ని తలకెత్తుకున్నది తరువాతి కాలంలోనే.

బౌలర్ కొనేవారికి ఒక హెచ్చరిక. అది ఫెల్టుతో, అంటే బొచ్చును ఒత్తి చేసిన దళసరి గుడ్డతో చేసినది. కుందేలు, బీవరు బొచ్చుతో ఫెల్టు చేయడానికి పాతకాలంలో పాదరసపు లవణాన్ని వాడేవారు, ఆ పాదరసం ఇప్పటికీ కొన్ని పాత టోపీల్లో మిగిలే ఉంటుంది. అందుకని నేను చేతితొడుగులు వేసుకుని పట్టుకుంటాను, వేడి తగలనివ్వను, గాలాడని పెట్టెలో పెట్టను, పిల్లల తల మీద సరదాకైనా పెట్టనివ్వను.

అపోహ: సోలా టోపీ పేరు సోలార్ నుంచి, అంటే సూర్యుడి నుంచి వచ్చింది.

వాస్తవం: ఇంగ్లీషులోనే ఎందరో సోలార్ అని తప్పుగా రాశారు కాబట్టి ఈ పొరపాటు మనకూ అంటుకుంది. సోలా అనేది చిత్తడి నేలల్లో పెరిగే మొక్క; దాని లోపలి తెల్లటి బెండును మనవాళ్లు జీలుగుబెండు అంటారు. దాన్ని పలుచని పొరలుగా చెక్కి, దిమ్మ మీద అతికించి, పైన గుడ్డ తొడిగితే సోలా టోపీ అవుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. బొటనవేలితో నొక్కితే మాత్రం పడిన సొట్ట మళ్లీ లేవదు.

అపోహ: వెనకటి మనుషుల తలలు చిన్నవి, అందుకే పాత టోపీలు మనకు పట్టవు.

వాస్తవం: పెద్ద టోపీలను వాడి అరగదీశారు, చిన్నవి ఎవరికీ పట్టక అటకల మీద మిగిలాయి. పైగా బ్రిటిష్ కొలత అమెరికన్ కొలత కంటే అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ చూపిస్తుంది. 56 సెంటీమీటర్ల తలకు బ్రిటిష్ టోపీలో 6⅞ అని, అమెరికన్ టోపీలో 7 అని ఉంటుంది. టేపు పెట్టి లోపలి చుట్టుకొలత చూడకుండా డబ్బివ్వకండి.

అపోహ: మఖమల్ నలిగితే ఆవిరి పట్టిస్తే చాలు, కొత్తదవుతుంది.

వాస్తవం: ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. మొదటి ఏడాదిలోనే దొరికిన ఒక వేట టోపీకి ఎడమ కణత దగ్గర మఖమల్ అణిగిపోయి ఉంటే, ఇడ్లీ పాత్ర మూత తీసి, ఆ ఆవిరి మీద పట్టాను. నూగు నిజంగానే లేచింది. నేను మురిసిపోతుండగానే టోపీ ఎడమ వైపు గోడ నా వేళ్ల కింద మెత్తగా లోపలికి దిగింది. చల్లారేసరికి ఆ వంకర అలాగే బిగుసుకుపోయింది. మఖమల్ కింద ఏముందో తెలియకపోవడమే నా తప్పు.

పాతకాలపు మంచి వేట టోపీల్లో లోపలి డిప్ప గాస్ అనే పదార్థంతో చేసినది. నూలు గుడ్డకో నార గుడ్డకో లక్క ద్రావణం పట్టించి, ఆరబెట్టి, పొరలు పొరలుగా దిమ్మ మీద వేడితో అతికిస్తారు. ఆ లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే అక్కడికి వెళ్లేది. కర్ణాటకలోని చెన్నపట్నలోనూ మన ఏటికొప్పాకలోనూ బొమ్మల పనివారు తిరిగే కొయ్యకు లక్క కడ్డీని ఒత్తిపెడితే ఆ రాపిడి వేడికే అది కరిగి రంగుగా పరుచుకుంటుంది. టోపీలోనిదీ అదే లక్క, దాని గుణమూ అదే. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే ఉన్న ఆకారంలో గట్టిపడుతుంది. అనుభవం ఉన్న టోపీ పనివాడు ఈ గుణాన్నే వాడుకుని టోపీని కొనేవాడి తలకు సరిగ్గా కూర్చేవాడు. అనుభవం లేనివాడి చేతిలో అదే గుణం టోపీని పాడుచేస్తుంది. ఎండలో ఆపిన కారు డిక్కీలో ఈ టోపీని వదిలేయకూడదనడానికి కారణమూ ఇదే. నలిగిన మఖమల్‌కు నేనిప్పుడు మెత్తని బ్రష్షుతో నూగు వాలు వెంట నెమ్మదిగా దువ్వడం తప్ప మరేమీ చేయను. వానాకాలంలో పాలిథిన్ సంచిలో కట్టిపెడితే బూజు పడుతుంది కాబట్టి నూలు గుడ్డలో వదులుగా చుట్టి, లోపల టిష్యూ కాగితం కూరుతాను.

అపోహ: పాత టోపీ గట్టిగా ఉంది కాబట్టి స్వారీకి ఈనాటి హెల్మెట్ కంటే మేలు.

వాస్తవం: ఈ ఒక్క అపోహ వల్ల ప్రాణానికే ముప్పు. తల నేలకు కొట్టుకున్నప్పుడు కాపాడేది పై డిప్ప గట్టిదనం ఒక్కటే కాదు. ఆ దెబ్బను తాను నలిగి మింగేసే లోపలి ఫోమ్ పొర, టోపీ ఊడిపోకుండా పట్టే గడ్డం పట్టీ కూడా ఉండాలి. లక్క డిప్పలో మొదటిది లేదు. రెండోదానికి బదులు, ఉంటే, ఒక సన్నని ఎలాస్టిక్ ఉంటుంది. గట్టిగా బిగించిన ముందు అంచు బోర్లా పడినప్పుడు ముఖానికే గుచ్చుకోవచ్చు. గుర్రం చేత లయగా అడుగులు వేయించే, సంప్రదాయానికి ప్రాణమిచ్చే డ్రెస్సేజ్ పోటీల్లోనే అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2021 జనవరి 1 నుంచి ఎత్తు టోపీని ఆపి, రక్షణ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఫోమ్ ఉన్న హెల్మెట్ అయినా ఒకసారి గట్టి దెబ్బ తింటే, పైకి ఏమీ కనిపించకపోయినా, దాన్ని మార్చాల్సిందే.

ఊరి చివర స్వారీ బడుల్లో పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి, "అంకుల్, ఫొటోకి బావుంటుంది, పాపకు ఆ నల్ల టోపీ ఒక్కరోజు ఇస్తారా?" అని అడుగుతుంటారు. ఫొటోకైతే మఖమల్ టోపీ ఒకటి ఇస్తాను, పాప నేల మీద నిలబడి ఉండాలన్న షరతుతో. ఇచ్చేముందు లోపలి చెమట పట్టీకి ఒక చీటీ దారంతో కడతాను. దాని మీద తెలుగులోనూ కన్నడలోనూ ఎర్ర సిరాతో రెండే మాటలు రాసి ఉంటాయి: స్వారీకి కాదు.