మునిగే పిల్లలు అరవరు: వాటర్ పార్కుకు వెళ్లేవాళ్ల అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం సెలవులు రాగానే కర్నూలు నుంచి తెల్లవారుజామునే బండ్లు మాట్లాడుకుని హైదరాబాద్ పార్కులకు బయల్దేరుతారు. అనంతపురం వాళ్లయితే బెంగళూరు దారి పడతారు. నేను కర్నూల్లో ఈత నేర్పిస్తాను, స్కూల్ ట్రిప్పులకు లైఫ్‌గార్డ్‌గా తోడు వెళ్తుంటాను. వెళ్లే ముందు తల్లిదండ్రులు నన్ను అడిగేదంతా రైడ్ల గురించే. "పైకి పోయినాక ఆగిపోతే ఎట్ల సార్?" అని వాళ్ల టెన్షన్. నీళ్ల మాటెత్తితే మాత్రం "ఏమన్నా అయితే అరుస్తాడులే సార్, మేం పక్కనే ఉంటాం కదా" అంటారు. ఈ ఒక్క మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది.

అపోహ: మునిగేవాళ్లు కేకలు వేస్తారు, చేతులు ఊపుతారు.

వాస్తవం: అరవరు, అరవలేరు. గొంతు లేవాలంటే ముందు ఊపిరి ఆడాలి. మునుగుతున్న పిల్లవాడి నోరు నీటి పైకి వచ్చేది క్షణకాలం. అది గాలి పీల్చుకోవడానికే చాలదు, ఇక అమ్మను పిలిచేదెప్పుడు? చేతులు కూడా వాడి వశంలో ఉండవు. పైకెత్తి ఊపడు, పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు. తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి ఉంటుంది, జుట్టు కళ్ల మీద పడినా తీసుకోడు. ఒళ్లు నిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడించడు. కనబడని నిచ్చెన ఎక్కుతున్నట్టు ఉంటుంది. న్యూయార్క్ ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డ్‌గా చేసిన ఫ్రాంక్ పియా దీన్ని ఫిల్మ్ తీసి మరీ చూపించారు. ఈ పెనుగులాట 20 నుంచి 60 సెకన్లే ఉంటుందని ఆయన చెప్పారు. అరిచి చెయ్యి ఊపేవాళ్లకూ సాయం కావాల్సిందే, కానీ వాళ్లకు ఇంకా కొంత శక్తి మిగిలి ఉంది. సద్దు లేనివాళ్లకు టైం లేదు.

ఒక ట్రిప్పులో వేవ్ పూల్ (మెషీన్‌తో అలలు తెప్పించే కొలను) దగ్గర ఒక చిన్న పాప ఇలాగే కనిపించింది. పెద్దవాళ్లకు నడుము లోతు నీళ్లు. తల్లి మూడడుగుల దూరంలో అక్క పిల్లలను వీడియో తీస్తోంది. తండ్రి పాపను చూస్తూనే ఉన్నాడు, "ఆడుకుంటాంది" అనుకున్నాడు. నేను ఎత్తుకున్నాక పాప దగ్గింది, ఆ తర్వాతే ఏడ్చింది. ఆ తల్లి బస్సెక్కేదాకా "ఒక్కసారి కూడా పిలవలేదే" అంటూనే ఉంది. ఆమెను నేనేమీ అనలేదు. పిలుస్తుందని ఎదురుచూడమనే కదా అందరూ ఆమెకు నేర్పింది.

కాబట్టి చిన్నపిల్లలు నీళ్లలో ఉంటే చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండండి. నలుగురు పెద్దలుంటే పక్కవాళ్లు చూస్తున్నారులే అని ఎవరూ చూడరు. అందుకే ఒకరి పేరు పెట్టి అప్పజెప్పండి: "ఈ పావుగంట నువ్వు". వాళ్ల ఫోన్ లాకర్‌లోనే ఉండాలి. అలలు వదిలే ముందు సైరన్ మోగితే పిల్లలను ఒడ్డు వైపు తెచ్చేయండి. డ్రెస్ నీలం, తెలుపు వద్దు, నీళ్లలో కలిసిపోతాయి. కళ్లకు కొట్టొచ్చే నారింజ రంగు మంచిది.

మిగతావి త్వరగా చెప్తాను. గాలి ట్యూబు ఆటవస్తువు, బోల్తా పడుతుంది. రక్షణకు సైజు సరిపోయే లైఫ్ జాకెట్ కావాలి. లైఫ్‌గార్డ్ ఉన్నాడు కదా అనుకోవద్దు, అతను వందల తలలను చూడాలి. రైడ్ దగ్గర ఎత్తు కొలిస్తే గొడవ పడొద్దు. బార్, బెల్టు పట్టి ఉంచేది ఒంటి కొలతను బట్టి, వయసును బట్టి కాదు. నీళ్లలో ఉంటే ఎండ దెబ్బ తగలదన్నది కూడా తప్పే. తడిసిన ఒంటికీ చెమట పోస్తుంది, దాహం వేయకపోయినా తాగించండి.

మునిగినవాళ్లను ఉప్పు కుప్పలో పడుకోబెడితే బతుకుతారన్న వాట్సాప్ మెసేజ్ దయచేసి ఇంకెవరికీ పంపకండి. తలకిందులుగా తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం కూడా వద్దు. మెదడుకు గాలి అందని ప్రతి నిమిషం ప్రాణానికే ముప్పు. ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు నోటితో ఊపిరి అందించడం మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఛాతీ మీద 30 నొక్కులు, 2 ఊపిరులు, సాయం వచ్చేదాకా ఆపకుండా. ఇది వచ్చినవాళ్లు మీ బండిలో ఒక్కరైనా ఉండాలి. నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

ఇక "మా వాడు నీళ్లు మింగాడు సార్, నిద్రలో ఏమన్నా అవుతుందంట కదా" అని రాత్రిపూట ఫోన్ చేసే తల్లులకు. బాగా ఉన్న బిడ్డ రోజుల తర్వాత నిద్రలో పోతాడన్నది పుకారు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఇబ్బంది అయితే కొద్ది గంటల్లోనే బయటపడుతుంది. దగ్గు ఆగకపోవడం, ఊపిరి ఎగబీల్చడం, వాంతులు, ఎప్పుడూ లేనంత మత్తు కనిపిస్తే ఎంత రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అవేవీ లేకుండా తిని, ఆడుకుని పడుకున్న పిల్లవాడిని గంటకోసారి లేపి చూడాల్సిన పనిలేదు. మీరూ పడుకోండమ్మా.