నడివయసు ఆడవాళ్ల బరువు: అపోహలు - వాస్తవాలు

నేను గైనకాలజిస్టుని. నలభై అయిదు, యాభై ఏళ్ల వాళ్లు నెలసరి గతి తప్పిందనో, ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయనో, నిద్ర పట్టడం లేదనో నా దగ్గరికొస్తారు. కూర్చోగానే అసలు బాధ చెప్పరు. "బాగా ఒళ్లు చేశాను డాక్టర్ గారూ" అని ఏదో తప్పు చేసినట్టు మొదలుపెడతారు. వాళ్లను అలా మాట్లాడించే నమ్మకాలు కొన్నింటి గురించి చెబుతాను.

అపోహ: నోరు కట్టుకోలేకే లావెక్కుతారు

నడివయసులో ఏడాదికి సుమారు అరకిలో పెరగడం చాలామందిలో కనిపించేదే. ఇందులో ఎక్కువ భాగం వయసు వల్ల వచ్చేది. మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోవడం) ప్రభావం మరోలా ఉంటుంది. అమెరికాలో 1990లలో మొదలైన 'స్వాన్' అనే అధ్యయనం ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. మెనోపాజ్ దశ మొదలవగానే ఒంట్లో కొవ్వు పెరిగే వేగం దాదాపు రెట్టింపయింది, కండ తగ్గడం మొదలైంది. చివరి నెలసరి తర్వాత సుమారు రెండేళ్లకు ఈ మార్పు నెమ్మదించింది. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గుతుంది కాబట్టి కాటా మీద ఈ తేడా అంతగా తెలియదు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేకొద్దీ తొడలు, పిరుదుల దగ్గర చేరాల్సిన కొవ్వు పొట్టలోకి చేరుతుంది. అందుకే తిండి మారకపోయినా, బరువు పెద్దగా పెరగకపోయినా నడుము దగ్గర బట్టలు బిగుసుకుంటాయి.

అపోహ: నలభై దాటితే మెటబాలిజం పడిపోతుంది

మెటబాలిజం అంటే ఒళ్లు శక్తిని ఖర్చుపెట్టే వేగం. డాక్టర్లం కూడా చాలాకాలం ఈ మాటే చెప్పాం. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల కొలతలతో 2021లో వచ్చిన పరిశోధన దీన్ని తిరగరాసింది. శరీర పరిమాణాన్ని, కొవ్వు పోను మిగిలిన బరువును లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో పెద్ద మార్పు లేదు. 60 దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుంది.

మరి బరువెందుకు పెరుగుతుంది? కండ తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులతో నడక తగ్గుతుంది. రాత్రి చెమటలతో నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది. వాడే మందులూ చూడాలి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, డిప్రెషన్‌కీ ఫిట్స్‌కీ ఇచ్చే కొన్ని మందులు బరువు పెంచుతాయి. ఇవేవీ అడగకుండా "తిండి తగ్గించండి" అంటే అది సగం వైద్యమే.

అపోహ: సన్నగా ఉంటే ఆరోగ్యం, లావుగా ఉంటే జబ్బు

నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. చూసి తేల్చేయడం వల్ల జబ్బు రెండు వైపులా తప్పించుకుపోతుంది.

మొదటిది, పొట్ట. యాభై దాటినామెకు కొత్తగా పొట్ట ఉబ్బరం మొదలై వారాల తరబడి తగ్గకపోయినా, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతున్నా, మాటిమాటికీ మూత్రం వస్తున్నా అండాశయ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా "వయసు, పొట్ట వస్తుంది" అని కొట్టిపారేస్తారు. కడుపు పరీక్ష, స్కానింగ్, ఒక రక్త పరీక్షతో మొదలయ్యే పని అలా నెలలు వెనక్కిపోతుంది.

రెండోది, పొగడ్త. ప్రయత్నమేమీ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో 5 శాతం తగ్గితే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, కారణం వెతకాలి. షుగర్, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, క్షయ, డిప్రెషన్, క్యాన్సర్ ఏదైనా కావచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం "అబ్బ, ఎంత నాజూగ్గా అయ్యావ్!" అంటారు. ఆవిడా సంతోషపడి ఊరుకుంటుంది.

అలాగని అధిక బరువు వల్ల ఏమీ కాదని చెప్పను. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ ఎక్కువగా కొవ్వులోనే తయారవుతుంది. అందుకే, ఆ ఈస్ట్రోజన్ ఎక్కువై, బాగా లావున్నవాళ్లకు గర్భాశయ లోపొర క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. బీపీ, షుగర్ సరేసరి. ఇదంతా కంటిచూపుతో తేలదు. ఎత్తు, బరువులను బట్టి కట్టే బీఎమ్ఐ లెక్క మీదా పూర్తిగా ఆధారపడలేం. దాని వెనక ఉన్న సూత్రాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే జనాభా సగటుల కోసం తయారు చేశాడు. అది కండనీ కొవ్వునీ వేరుచేయలేదు. టేపుతో నడుము కొలవండి. ఎత్తులో సగానికి లోపు ఉంటే మంచిది.

అపోహ: మొహం మీద అంటేనే తగ్గుతారు

ఇంగ్లండ్‌లో 50 దాటిన దాదాపు 3,000 మందిని నాలుగేళ్లు గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. బరువు వల్ల చులకనకు గురయ్యామన్నవాళ్లు సగటున కిలో దాకా పెరిగారు. ఆ మాట చెప్పనివాళ్లు కొంచెం తగ్గారు. చులకనే కారణమని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం గానీ, దాని వల్ల మేలు జరిగిన జాడ మాత్రం ఎక్కడా లేదు. మాటలు పడ్డవాళ్లు డాక్టర్ దగ్గరికి రావడమే మానేస్తారు, అది నేను రోజూ చూస్తున్నదే. (మగవాళ్లకూ ఇదే వయసులో పొట్ట వస్తుంది. దాన్ని ఎవరూ పనిగట్టుకుని ఎత్తిచూపరు.) కష్టపడి తగ్గినా సుఖం లేదు. మొహంలో కొవ్వు కరిగితే "చిక్కిపోయింది, ముసలితనం వచ్చేసింది" అనేది కూడా ముందు లావని వెక్కిరించినవాళ్లే.

అపోహ: పూటలు మానేస్తే చాలు

బరువు తగ్గుతుంది, దాంతోపాటు కండా పోతుంది. ఎముక వేగంగా అరిగే వయసు కూడా ఇదే. వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం, రోజూ సరిపడా ప్రొటీన్, వారానికి 150 నిమిషాల నడక పెట్టుకోండి. పొట్ట వ్యాయామాలు పొట్ట కండరాన్ని గట్టిపరుస్తాయి గానీ అక్కడి కొవ్వును మాత్రమే కరిగించవు.

అపోహ: అంతా థైరాయిడ్ వల్లే

థైరాయిడ్ తక్కువగా పనిచేయడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలు. అందులోనూ చాలావరకు ఉప్పు, నీరే. పరీక్ష చేయించుకోండి, నార్మల్ వస్తే మాత్ర అడగకండి.

అపోహ: హార్మోన్ చికిత్స తీసుకుంటే లావెక్కుతారు

మెనోపాజ్ ఇబ్బందులకు ఇచ్చే ఈ చికిత్స తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ పోల్చిన పరీక్షల్లో అలాంటి తేడా కనిపించలేదు. మొదట్లో కొందరికి ఉబ్బరం, రొమ్ముల్లో బరువు అనిపిస్తాయి. డోసు మారిస్తే సర్దుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు మామూలుగా ఇవ్వం. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి, మాత్ర ఇవ్వాలా, ఒంటికి అంటించే పట్టీ ఇవ్వాలా, అసలు ఇవ్వొచ్చా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.