చూశాను కాబట్టి తెలుసు

ఇంగ్లీషులో "హీ గోస్", "హీ ఈట్స్" అంటూ చివర ఒక 'స్' తగిలించాలని బడిలో నేర్పుతారు. ఆ వెంటనే "హీ కెన్స్" మాత్రం తప్పు అంటారు. ఎందుకని అడిగితే "అదంతే, గుర్తుపెట్టుకో" అన్న జవాబే నాకు చిన్నప్పుడు దొరికింది. అసలు కారణం చాలా ఏళ్ల తర్వాత, వాడుకలోంచి దాదాపు జారిపోయిన ఒక పాత క్రియ గురించి చదువుతుంటే తెలిసింది. ఆ క్రియ 'విటన్'.

సుమారు 1100 ఏళ్ల కిందట, ఆల్ఫ్రెడ్ రాజు నాటి ఇంగ్లండులో 'తెలిసి ఉండటం' అనే అర్థంలో ఈ మాట వాడేవారు. రాజుకు సలహా చెప్పే పెద్దల సభకు పేరు 'విటెనగెమోట్', అంటే తెలిసినవాళ్ల సమావేశం. "నాకు తెలుసు" అనడానికి "ఇచ్ వాట్" అనేవారు. ఈ 'వాట్' పుట్టుక చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దాని మూలధాతువుకు అర్థం 'చూడటం'. రూపమేమో గడిచిన కాలానిది. "చూశాను" అన్న మాటే స్థిరపడి "నాకు తెలుసు" అయింది. మనం "అర్థమైంది" అన్నప్పుడు కూడా ఇంతే కదా! రూపం జరిగిపోయినదానిది, చెప్పే సంగతి ఇప్పటిది.

కెన్, షల్, మే కూడా ఇదే గుంపులోవి. ఇవన్నీ ఒకప్పటి భూతకాల రూపాలు, వర్తమానంలోకి వచ్చి ఉండిపోయాయి. 'చూశాడు' అనే అర్థమున్న 'సా'కు 'స్' తగిలించి "హీ సాస్" అని ఎలా అనమో "హీ కెన్స్" అని కూడా అందుకే అనం. ఇంకో విశేషం, కెన్‌కు కూడా మొదటి అర్థం 'తెలుసు' అనే. వాడికి ఈత తెలుసంటే వాడు ఈదగలడనే కదా. ఆ ఒక్క మెట్టు దిగితే ఇప్పటి అర్థం వచ్చేస్తుంది. బట్టీ పట్టమన్న ఆ మినహాయింపు వెనక ఇంత కథ ఉందని పిల్లలకు ఒక్క మాట చెబితే వ్యాకరణం అంటే టెన్షన్ సగం తగ్గుతుందని నా నమ్మకం.

ఇప్పుడు సంస్కృతంలోకి చూడండి. "అహం వేద" అంటే "నాకు తెలుసు". ఈ 'వేద', ఆ 'వాట్' ఒకే పాత రూపానికి పిల్లలు. ఒకటి విద్ ధాతువు, మరొకటి విట్. 'ద' ఉన్నచోట ఇంగ్లీషులో 'ట' రావడం యాదృచ్ఛికం కాదు. దశకు టెన్, ద్వికి టూ ఉన్నాయి. ఈ మార్పు ఒక క్రమంలో జరిగిందని జర్మన్ భాషా పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించాడు. అంతకుముందు, 1786 ఫిబ్రవరి 2న, సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు మూలం ఒకటే అయి ఉండాలని కలకత్తాలో ఇంగ్లీషు న్యాయమూర్తి విలియం జోన్స్ చెప్పాడు.

తెలుగు ఈ కుటుంబంలోది కాదు. ఆ సంగతిని 1816లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆధారాలతో చూపించాడు. విద్య, విద్వాంసుడు, వేదం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన సొంత మాట 'తెలుసు'. దాని చుట్టాలు తెలి, తెల్లన, తేట. మబ్బు విడి వెలుతురు పరుచుకున్నట్టు సంగతి తేటపడటమే మనకు తెలియడం. 'తెలుపు' అంటే రంగూ అవుతుంది, చెప్పడమూ అవుతుంది. నాకు ఈ మాట ఎంత ఇష్టమో చెప్పలేను.

మరి విటన్ ఎలా పోయింది? ఇంగ్లీషులో తెలియడానికి ఇంకో క్రియ కూడా ఉండేది. అదే ఇప్పటి 'నో' (know). ఒకప్పుడు మొదటి 'క'ను పలికేవారు కూడా. మన జ్ఞానంలోని 'జ్ఞా'కు అది తోబుట్టువు. జర్మన్లు ఇలాంటి జంటను ఇప్పటికీ విడివిడిగా వాడతారు, సంగతి తెలియడానికి ఒకటి, మనిషి పరిచయానికి ఒకటి. ఇంగ్లీషులో మాత్రం 'నో' రెండు పనులూ చేయసాగింది. పైగా విటన్ రూపాలు మొండివి. వర్తమానంలో 'వొట్' (పాత 'వాట్' ఇలా మారింది), భూతకాలంలో 'విస్ట్'. 1611 నాటి బైబిల్ అనువాదంలో, తన కోసం వెతుక్కుంటూ దేవాలయానికి వచ్చిన తల్లిదండ్రులను పన్నెండేళ్ల యేసు "విస్ట్ యీ నాట్" అని అడుగుతాడు, మీకు తెలియదా అని. ఇప్పటి అనువాదాల్లో ఆ చోట 'నో' వచ్చి కూర్చుంది.

క్రియ పోయినా దాని సంతానం పోలేదు. న్యాయపత్రాల్లో 'అనగా' అనే అర్థంలో 'టు విట్' కనిపిస్తూనే ఉంది. తెలియక చేసిన పనికి 'అన్‌విటింగ్లీ' అంటారు. 'వైజ్', 'విజార్డ్' ఈ ధాతువువే. 'విట్' అంటే ముందు బుద్ధి, చమత్కారం అనే అర్థం తర్వాత వచ్చింది. అమెరికా వెళ్లే మనవాళ్లు ఎదురుచూసే 'వీసా' కూడా లాటిన్ దారిన వచ్చిన దాయాది, 'చూసినది' అని అర్థం.

'విట్‌నెస్' అనేది మొదట మనిషికి పేరు కాదు. 'ఎరుక' అని అర్థం. తర్వాత ఆ ఎరుక ఉన్నవాడికి పేరైంది. మనం అదే మనిషిని సాక్షి అంటాం. ఆ మాటలో ఉన్నది 'అక్షి', అంటే కన్ను.