లోక్‌సభలో ఒక రోజు: ఆ సమయం ఎవరిది?

పార్లమెంటు సమావేశాలున్నన్నాళ్లూ లోక్‌సభ సచివాలయం ఏ రోజుకారోజు ఒక జాబితా తయారుచేస్తుంది. ఏ మంత్రి ఏ పత్రాలు సభకు సమర్పిస్తారు, ఏ బిల్లు ప్రవేశపెడతారు, దేనిపై చర్చ జరుగుతుంది అనేవన్నీ వరస నంబర్లతో అందులో ఉంటాయి. చూడటానికి రైల్వే టైమ్‌టేబుల్‌లా పొడిగా ఉండే ఈ కాగితం మీద గొడవలు మాత్రం చాలా పాతవి. లోక్‌సభ నియమావళిలోని 31వ నిబంధన ప్రకారం, జాబితాలో లేని పనిని స్పీకర్ అనుమతి ఇస్తే తప్ప ఆ రోజు చేపట్టకూడదు. అంటే అనుమతి ఉంటే చేపట్టవచ్చు. ఏళ్ల తరబడి నడుస్తున్న పేచీ చాలావరకు ఈ మినహాయింపు దగ్గరే పుట్టింది.

మామూలు రోజు ఎలా నడవాలో ముందు చూద్దాం. ఉదయం 11కు సభ మొదలవుతుంది. మొదటి గంట ప్రశ్నోత్తరాలు. 12కు మంత్రులు పత్రాలు సమర్పిస్తారు, కమిటీల నివేదికలు వస్తాయి, ఆ వెంటనే జీరో అవర్. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి 2 దాకా భోజన విరామం. తర్వాత బిల్లులు, బడ్జెట్ పద్దులు, 377వ నిబంధన కింద ఎంపీలు లేవనెత్తే నియోజకవర్గ సమస్యలు. సాయంత్రం 6కు వాయిదా. శుక్రవారం చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యుల బిల్లులకు, తీర్మానాలకు. స్థూలంగా ఇందులో రెండు రకాల సమయాలున్నాయి. ఒకటి ప్రభుత్వం తన పని చేయించుకునే సమయం. రెండోది ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన సమయం. చరిత్ర చూస్తే, మొదటిది తనంతట తానే పెరుగుతూ వచ్చింది. రెండోదాన్ని ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగి సాధించుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న అడగడమే ఒకప్పుడు హక్కు కాదు. 1892 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టంతోనే వైస్రాయ్ శాసనమండలిలో సభ్యులకు ఆ అవకాశం వచ్చింది. అదీ ముందస్తు నోటీసు ఇచ్చి. జవాబు మీద చర్చ ఉండదు, తిరుగు ప్రశ్న ఉండదు, అసలు ప్రశ్ననే తిరస్కరించే అధికారం సభాధ్యక్షుడికి ఉండేది. 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా మొదటి ప్రశ్న అడిగారు. క్యాంపులకు వచ్చే అధికారులకు సరుకులు సమకూర్చలేక పల్లెల్లో దుకాణదారులు పడుతున్న బాధ గురించి ఆ ప్రశ్న. దేశ చట్టసభల చరిత్రలో తొలి ప్రశ్న దొరల క్యాంపు సప్లయిల మీద కావడం నాకైతే చాలా సబబుగా అనిపిస్తుంది. 1909 సంస్కరణలతో అనుబంధ ప్రశ్న వచ్చింది, కానీ మొదట అడిగిన సభ్యుడికి మాత్రమే. 1919 చట్టం తర్వాతే మిగతావారూ లేచి అడగగలిగారు.

ఈ అనుబంధ ప్రశ్నలోనే అసలు పదును ఉంది. ఇప్పుడు లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు లిస్టవుతాయి. వీటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి. మరో 230 ప్రశ్నలకు లిఖితపూర్వక జవాబులొస్తాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎవరి ప్రశ్న ముందు రావాలో లాటరీలో తేలుతుంది. మొదటి జవాబు అధికారులు రాసిచ్చినదే కాబట్టి మంత్రికి ఇబ్బంది లేదు. టెన్షన్ అంతా తర్వాత వచ్చే తిరుగు ప్రశ్నతోనే.

1957లో జరిగింది చూడండి. తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అప్పుడు స్పీకర్. కొత్తగా పుట్టిన ఎల్ఐసీ, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల వాటాల్లో కోటీ 20 లక్షల రూపాయల పైచిలుకు పెట్టిందన్న వార్తలపై సెప్టెంబరులో సభలో ప్రశ్న వచ్చింది. ప్రభుత్వం తేలిగ్గా దాటవేసింది. అధికారపక్షం ఎంపీ, ప్రధానికి స్వయానా అల్లుడు అయిన ఫిరోజ్ గాంధీ ఊరుకోలేదు. ఆ డిసెంబరులో సభలో చర్చ లేవనెత్తి వివరాలన్నీ బయటపెట్టారు. ఛాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఒక ప్రశ్నోత్తరాల గంట మంత్రి పదవిని ఊడగొట్టగలదని ఢిల్లీకి అప్పుడే తెలిసొచ్చింది.

అందుకేనేమో, కష్టకాలం వచ్చినప్పుడల్లా ముందుగా ఎగిరిపోయేది ఈ గంటే. 1962 నవంబరులో చైనా యుద్ధం నడుస్తుండగా జరిగిన సమావేశంలో ప్రశ్నోత్తరాలు నిలిపివేశారు. అయితే యుద్ధంపై చర్చను ఆపలేదు, లోక్‌సభలో 165 మంది మాట్లాడారు. 1975 జూలై 21న మొదలైన ఎమర్జెన్సీ సమావేశం సంగతి వేరు. ప్రభుత్వ పనులు తప్ప మరేవీ చేపట్టకూడదంటూ అప్పటి పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి, గుంటూరు ఎంపీ కొత్త రఘురామయ్య తీర్మానం పెట్టారు. ప్రశ్నలు, అత్యవసర విషయాలపై మంత్రిని నిలదీసే సావధాన తీర్మానాలు, శుక్రవారం ప్రైవేటు బిల్లులు అన్నీ పోయాయి. సభ నడిచింది, ప్రతిపక్ష నాయకులు చాలామంది జైళ్లలో ఉన్నారు. 2020 సెప్టెంబరులో కరోనా కారణంగా మళ్లీ ప్రశ్నోత్తరాల సమయం రద్దయింది. లిఖితపూర్వక జవాబులు మాత్రం ఇచ్చారు, జీరో అవర్‌ను అరగంటకు కుదించారు. వివాదాస్పద వ్యవసాయ బిల్లులు నెగ్గింది ఆ సమావేశాల్లోనే.

నింద అంతా ప్రభుత్వాల మీదే వేయడమూ న్యాయం కాదు. 2005 డిసెంబరులో ఒక టీవీ చానెల్ రహస్య చిత్రీకరణలో ఎంపీలు ప్రశ్న అడగడానికి డబ్బు తీసుకుంటూ దొరికిపోయారు. అదే నెల 23న 11 మందిని బహిష్కరించారు. వారిలో 10 మంది లోక్‌సభ సభ్యులు. 2009 నవంబరు 30న ఇంకో వింత జరిగింది. ప్రశ్నలు పంపిన సభ్యులే రాకపోవడంతో లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు మధ్యలోనే ముగిసిపోయాయి. రాజ్యసభ అయితే గందరగోళం భరించలేక 2014లో ప్రశ్నోత్తరాలను ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 12కు జరిపింది. గొడవ కూడా గడియారం చూసుకుని 12కు జరిగింది. లోక్‌సభలో గంట వ్యవధిలో 20 ప్రశ్నలూ పూర్తవడం ఎంత అరుదంటే, 2019 నవంబరు 27న అలా జరిగితే అదొక వార్త అయింది. అంతకుముందు అలా జరిగింది 1972లో.

జీరో అవర్ పుట్టుక ఇంకా ఆసక్తికరం. ఇది ఏ నిబంధనలోనూ లేదు. 1960ల మొదట్లో, ప్రశ్నోత్తరాలు ముగిసి 12 కొట్టగానే సభ్యులు నోటీసుతో పని లేకుండా లేచి ఆ రోజు పేపర్లో వచ్చిన విషయాలు లేవనెత్తడం మొదలుపెట్టారు. పత్రికల వాళ్లు దానికి జీరో అవర్ అని పేరు పెట్టారు, ఆ పేరే ఖాయమైపోయింది. స్పీకర్లు మొదట చిరాకుపడ్డారు, తర్వాత దారిలో పెట్టాలని చూశారు. ఇప్పుడు ఉదయం 10లోగా నోటీసు ఇవ్వాలి, ఎక్కువైతే లాటరీ. అడ్డదారిన పుట్టినదానికీ క్యూ తప్పలేదు. మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నియమం లేకపోయినా, తెలుగు ఎంపీలు సహా చాలామంది తమ ఊరి సమస్య వినిపించేది ఎక్కువగా ఇక్కడే.

ఇక ప్రభుత్వ సమయం. ఏ బిల్లుకు ఎన్ని గంటలు కేటాయించాలో సభా వ్యవహారాల సలహా సంఘం, అంటే బీఏసీ, నిర్ణయిస్తుంది. స్పీకర్ అధ్యక్షతన 15 మంది ఉండే ఈ కమిటీ తొలి స్పీకర్ మావ్‌లంకర్ హయాంలో, 1952 జూలైలో ఏర్పడింది. అన్ని పార్టీల నాయకులు కూర్చుని ఒప్పుకున్నాక గొడవ ఉండదన్నది ఆలోచన. కానీ గంటలు పంచడమే బీఏసీ పని. ఏ బిల్లు ఏ రోజు తేవాలన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది. పంచుకోవాల్సిన రోజులూ తగ్గిపోయాయి. మొదటి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు కూర్చుంది, 17వ లోక్‌సభ 274 రోజులు.

ఈ జాబితా బలం ఏమిటో, బలహీనత ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును కేంద్ర హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే ప్రవేశపెట్టినప్పుడు సభలో పెప్పర్ స్ప్రే చల్లడం దాకా వెళ్లింది. అసలు బిల్లు ప్రవేశపెట్టినట్టా కాదా అని ప్రతిపక్షమే ప్రశ్నించింది. అయిదు రోజుల తర్వాత, 18న, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది. ఆ నెల 20న రాజ్యసభ కూడా ఆమోదించింది.

నాలుగేళ్ల తర్వాత దీనికి కొనసాగింపు. ప్రత్యేక హోదా డిమాండుపై 2018 మార్చిలో వైఎస్సార్‌సీపీ, తెలుగుదేశం విడివిడిగా అవిశ్వాస నోటీసులిచ్చాయి. నిబంధన ప్రకారం తీర్మానానికి మద్దతుగా 50 మంది లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కపెట్టాలి. టీఆర్‌ఎస్, అన్నాడీఎంకే సభ్యులు తమ డిమాండ్లతో వెల్‌లో నినాదాలు చేస్తున్నారు. సభ సజావుగా లేదు కాబట్టి తలలు లెక్కపెట్టలేనంటూ స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజు తర్వాత రోజు వాయిదా వేస్తూ పోయారు. ఏప్రిల్ 6న సమావేశాలు ముగిసేదాకా ఇదే తంతు. కానీ ఆ నోటీసులకు ముందే, మార్చి 14న, ఇలాంటి గందరగోళంలోనే ఆ ఏడాది బడ్జెట్ పద్దులు, ఆర్థిక బిల్లు చర్చ లేకుండా, అన్నిటినీ ఒక్కసారే ఓటుకు పెట్టేసే గిలెటిన్ పద్ధతిలో ఆమోదం పొందాయి. దాదాపు అరగంటలో. 50 తలలు లెక్కించడానికి అడ్డొచ్చిన గోల, లక్షల కోట్ల ఖర్చు ఆమోదించడానికి అడ్డురాలేదన్నమాట. చివరికి జూలై 20న తెలుగుదేశం తీర్మానంపై చర్చ జరిగింది, 126 మంది మద్దతిస్తే 325 మంది వ్యతిరేకించారు. ఓడిపోయే తీర్మానమని అందరికీ మార్చిలోనే తెలుసు. ప్రధాని చేత సభలో జవాబు చెప్పించడమే దాని ప్రయోజనం. ఆ జవాబుకు నాలుగు నెలలు పట్టింది.

ఇటీవల పేచీ ఎక్కువగా అనుబంధ జాబితాతో వస్తోంది. అసలు జాబితా వెలువడ్డాక, ఒక్కోసారి సభ మొదలయ్యే వేళకు, దీన్ని అదనంగా ఇస్తారు. 2019 ఆగస్టు 5న 370వ అధికరణకు సంబంధించిన తీర్మానం, జమ్మూకశ్మీర్ విభజన బిల్లు రాజ్యసభకు ఇలాగే వచ్చాయి. అత్యవసరం కాబట్టి ముందస్తు నోటీసు నిబంధనను సడలిస్తున్నానని సభాధ్యక్షుడు వెంకయ్యనాయుడు చెప్పారు. సాయంత్రానికి రెండూ నెగ్గాయి. 2023 సెప్టెంబరు 19న కొత్త పార్లమెంటు భవనంలో తొలిరోజే మహిళా రిజర్వేషన్ బిల్లు అనుబంధ జాబితాలో ప్రత్యక్షమైతే, మాకు కాపీలే అందలేదని ప్రతిపక్షం లేచింది. ఆన్‌లైన్‌లో పెట్టాం చూసుకోండని ప్రభుత్వం. ఆ బిల్లును దాదాపు అందరూ సమర్థించారు కాబట్టి సరిపోయింది.

దీనికి నియమాలు లేక కాదు. లోక్‌సభ స్పీకర్ ఆదేశాల్లో 19ఏ ప్రకారం బిల్లు ప్రవేశపెట్టడానికి మంత్రి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 19బీ ప్రకారం కనీసం రెండు రోజుల ముందు సభ్యులకు కాపీలు అందాలి. కారణాలు రాసిస్తే స్పీకర్ ఈ గడువులు తగ్గించవచ్చు. ఎప్పుడో ఒకసారి వాడాల్సిన సడలింపు ఇది. పెద్ద బిల్లుల దగ్గరే అది పదే పదే కనిపించడం నాకు అంతగా మింగుడుపడదు. చదవడానికి సమయం ఎక్కువ కావాల్సింది ఆ బిల్లులకే.

శుక్రవారం మధ్యాహ్నం సంగతి మాత్రం ఇందుకు పూర్తిగా భిన్నం, అక్కడ సమయం ఉంటుంది, మనుషులుండరు. ఎంపీలు చాలామంది అప్పటికే సొంత ఊళ్లకు విమానం ఎక్కేసి ఉంటారు. ఒకప్పుడు ఇది ఇంత డొల్ల కాదు. బాల్యవివాహాలను అరికట్టిన 1929 నాటి శారదా చట్టం హరవిలాస్ శారదా అనే మామూలు సభ్యుడు తెచ్చిన బిల్లే. పార్లమెంటు చర్చలను పత్రికలు నిర్భయంగా ప్రచురించుకోవచ్చని రక్షణ కల్పించిన 1956 నాటి చట్టం వెనకా ఫిరోజ్ గాంధీ ప్రైవేటు బిల్లే ఉంది. స్వాతంత్ర్యం తర్వాత ఇలా చట్టాలైనవి 14 మాత్రమే. చివరిది 1970లో. ఆ తర్వాత 45 ఏళ్లకు, 2015 ఏప్రిల్ 24న డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును రాజ్యసభ ఏకగ్రీవంగా ఆమోదించింది. లోక్‌సభలో అది గట్టెక్కలేదు. ప్రభుత్వం 2016లో తన సొంత బిల్లు తెచ్చింది. 2019లో చట్టమైంది ప్రభుత్వం తెచ్చిన బిల్లే.