ప్రొటీన్ లోపమా, తిండి లోపమా? ఉబ్బిన పిల్లల వెనక తొంభై ఏళ్ల వాదన

పోషకాహార లోపం అనగానే బక్కచిక్కి ఎముకలు తేలిన పిల్లవాడే గుర్తొస్తాడు. అదే కోవకు చెందిన క్వాషియార్కర్ అనే జబ్బు వచ్చిన పిల్లవాడు అలా ఉండడు. ముఖం గుండ్రంగా, కాళ్లు బొద్దుగా ఉంటాయి. చూసినవాళ్లు ఒళ్లు చేశాడని పొరబడినా తప్పులేదు. పాదం మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట పడి అలాగే ఉండిపోతుంది. అది కండ కాదు, నీరు. జుట్టు రంగు వెలిసి, పట్టుకుని లాగితే నొప్పి లేకుండా ఊడి వస్తుంది. చర్మం పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. కాలేయానికి కొవ్వు పడుతుంది. పిల్లవాడు ఆడడు, నవ్వడు, ముద్ద పెడితే తోసేస్తాడు, ఎత్తుకుంటే విసుక్కుంటాడు.

ఇలాంటి పిల్లలకు తక్కువైంది ప్రొటీనేనా? ఈ ప్రశ్నకు జవాబు తొంభై ఏళ్లలో రెండు మూడు సార్లు మారింది. మారినప్పుడల్లా పిల్లల కంచంలో ఏం పెట్టాలన్న సర్కారు లెక్కలూ మారాయి. దాన్ని మలుపు తిప్పిన పరిశోధనల్లో కొన్ని హైదరాబాద్‌లోనే జరిగాయి. ఇంత పెద్ద సంగతి మన దగ్గరే ఎక్కువమందికి తెలియకపోవడం విచిత్రం.

జమైకాలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన డాక్టర్ సిసిలీ విలియమ్స్, 1929లో అప్పటి గోల్డ్ కోస్ట్‌కు, అంటే ఈనాటి ఘనాకు, బ్రిటిష్ వలస ప్రభుత్వ వైద్యురాలిగా వెళ్లారు. ఒళ్లు ఉబ్బి, చర్మం ఊడి చనిపోతున్న పిల్లల్లో ఆమెకు ఒక పోలిక కనిపించింది. అందరూ ఏడాది నుంచి నాలుగేళ్ల లోపువాళ్లు. తమ్ముడో చెల్లెలో పుట్టడంతో తల్లిపాలు మానేసి, మొక్కజొన్న గంజితో బతుకుతున్నవాళ్లు. 1933లో ఆమె ఈ సంగతి రాస్తూ ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఏదో ఒకటో, ప్రొటీనో తక్కువై ఉండొచ్చని అనుమానించారు. ఇది పెల్లాగ్రా అనే విటమిన్ లోపపు జబ్బని హ్యూ స్టానస్ అనే నిపుణుడు వాదించాడు. ఆమె ఒప్పుకోలేదు. 1935లో అక్కడి గా భాషలో జనం పిలుచుకునే 'క్వాషియార్కర్' అన్న పేరుతోనే లాన్సెట్ వైద్య పత్రికలో మళ్లీ రాశారు.

ఆమె అనుమానంగా అన్నది తర్వాతివాళ్ల చేతిలో సిద్ధాంతమైపోయింది. 1952లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల తరఫున బ్రాక్, ఆట్రే అనే నిపుణులు ఆఫ్రికాలో తిరిగి నివేదిక ఇచ్చారు. 1955లో ప్రొటీన్ సలహా సంఘం ఏర్పడింది. 1968 నాటికి 'ముంచుకొస్తున్న ప్రొటీన్ సంక్షోభం' గురించి ఐక్యరాజ్యసమితి నివేదికే వచ్చింది. ఇక పొడుల కాలం మొదలైంది. గ్వాటెమాలాలో ఇన్‌కాపరీనా, మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో వేరుశనగ పిండికి శనగపిండి కలిపిన బహుళార్థ ఆహారం, వేరుశనగ ప్రొటీన్‌తో పెంచిన మిల్టోన్ పాలు, చేపల నుంచి తీసిన ప్రొటీన్ పొడి. లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపిన బ్రెడ్డు కూడా వచ్చింది. ఇన్ని తయారుచేసినవాళ్లలో, ఆ పిల్లలు రోజుకు అసలు ఎంత అన్నం తింటున్నారని కొలిచినవాళ్లు తక్కువ.

ఆ కొలిచే పని హైదరాబాద్‌లో జరిగింది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెకారిసన్ మొదలుపెట్టిన ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలో ఇప్పుడున్న జాతీయ పోషకాహార సంస్థ అదే. డాక్టర్ సి. గోపాలన్ డైరెక్టరుగా ఉన్నప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల తిండిని, జబ్బు రాకముందు నుంచే గమనిస్తూ వచ్చారు. వాళ్లలో కొందరికి తర్వాత క్వాషియార్కర్ వచ్చి ఒళ్లు ఉబ్బింది. కొందరికి మరాస్మస్ వచ్చి ఎండిపోయారు. పాత సిద్ధాంతం ప్రకారం మొదటివాళ్లకు ప్రొటీన్, రెండోవాళ్లకు కేలరీలు తక్కువై ఉండాలి. తీరా చూస్తే ఇద్దరి తిండిలోనూ తేడా లేదు. ఒకే కొరతకు ఒక ఒళ్లు సర్దుకుని ఎండిపోతుందని, ఇంకొకటి సర్దుకోలేక ఉబ్బుతుందని 1968లో గోపాలన్ ప్రతిపాదించారు.

1973లో వచ్చిన ఇంకో అధ్యయనం మరీ సూటిగా ఉంది. పల్లె పిల్లలకు 14 నెలల పాటు రోజూ 310 కేలరీలు అదనంగా పెట్టారు. అందులో ప్రొటీన్ 3 గ్రాములే. అయినా పెట్టని పిల్లల కంటే వీళ్ల ఎత్తూ బరువూ మెరుగ్గా పెరిగాయి.

కారణం చిక్కుముడేమీ కాదు. శక్తి చాలనప్పుడు ఒళ్లు తిన్న ప్రొటీన్‌నే పొయ్యిలో కట్టెలా కాల్చేసుకుంటుంది. కండకు, రక్తానికి, రోగనిరోధకానికి మిగిలేది తక్కువ. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 7 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రెండేళ్ల పిల్లవాడికి రోజుకు కావలసింది సుమారు 12 గ్రాములు. కడుపునిండా అన్నం, పప్పు పడితే లెక్కకు సరిపోతుంది. కానీ ఆ కడుపు ఎంత! అన్నం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. నూనో నెయ్యో వేసి రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి. పొద్దున్నే కూలికి పోయి సాయంత్రం వచ్చే తల్లికి అది కుదిరే పని కాదు. పైగా నెలకోసారి విరేచనాలు, జ్వరం వస్తే తిన్నదీ ఒంటబట్టదు.

గణాంకవేత్త పి.వి. సుఖాత్మే కూడా ఇదే వాదిస్తూ వచ్చారు. 1973లో అంతర్జాతీయ నిపుణుల సంఘం పిల్లల ప్రొటీన్ అవసరాల అంకెలు తగ్గించింది. 1974లో పోషకాహార నిపుణుడు డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్‌లో దీన్నంతటినీ 'ప్రొటీన్ మహా వైఫల్యం' అని ఎండగట్టాడు. మరుసటి ఏడాది అక్టోబర్ 2న మన దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్, అదే మన అంగన్‌వాడీ, పిల్లవాడికి రోజుకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ అని లెక్క పెట్టుకుంది. 2009లో దాన్ని 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాములకు పెంచారు.

వైద్యంలోనూ పాత నమ్మకం దెబ్బతింది. ప్రొటీన్ తక్కువైంది కదా అని వచ్చినరోజే దండిగా ప్రొటీన్ పెడితే, దెబ్బతిన్న కాలేయం తట్టుకోలేదు. అందుకే ఇప్పుడు మొదట ఇచ్చే ఎఫ్-75 పాలలో వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము ప్రొటీన్ కూడా ఉండదు. ఒళ్లు కుదుటపడ్డాక 2.9 గ్రాములున్న ఎఫ్-100 మొదలుపెడతారు. మొదటి రోజుల్లో రక్తంలో చక్కెర తగ్గిపోవడం, ఒళ్లు చల్లబడటం, ఇన్‌ఫెక్షన్... ప్రాణం తీసేవి ఇవి.

బతికి బయటపడ్డాక కూడా మచ్చ మిగలొచ్చు. చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ 1968లో హైదరాబాద్ నుంచి ప్రచురించిన అధ్యయనంలో, పసితనంలో క్వాషియార్కర్ వచ్చి తగ్గిన 19 మంది పిల్లల్ని 8 నుంచి 11 ఏళ్ల వయసులో పరీక్షించారు. చూసి గ్రహించడంలో, ఆలోచించి చెప్పడంలో తోటి పిల్లల కంటే వెనకబడ్డారు. ఇందులో తిండి పాత్ర ఎంత, పేదరికం పాత్ర ఎంత అని విడదీయడం కష్టమే.

ఇంతటితో ప్రొటీన్ కథ ముగిసిందనుకుంటే ఆఫ్రికా దేశం మలావి నుంచి కొత్త కబురు వచ్చింది. ఒకే ఇంట్లో ఒకే తిండి తిన్న కవల పిల్లల్లో ఒకరికే క్వాషియార్కర్ రావడం వెనక పేగుల్లోని సూక్ష్మజీవుల పాత్ర ఉందని 2013లో తేలింది. 2016లో అక్కడే, ఎత్తు పెరగని పిల్లల రక్తంలో అత్యవసర అమైనో ఆమ్లాలు తక్కువగా ఉన్నాయని కనుగొన్నారు. అంటే ప్రొటీన్ గ్రాములు సరిపోయినా రకం సరిపోకపోవచ్చు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది ఎక్కువ. గుడ్డులో అన్నీ ఉంటాయి. నా మటుకు నాకు, కేలరీల వాదం గెలిచాక మన పథకాల్లో పప్పునీ గుడ్డునీ చిన్నచూపు చూశారనిపిస్తుంది. గోపాలన్ అన్నది తిండి చాలడం లేదని, బియ్యం పోస్తే చాలని కాదు. గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16, పల్లీలు 10, బెల్లం 20 కలిపిన 'హైదరాబాద్ మిక్స్' ఆయన సంస్థ తయారుచేసిందే. అందులో 330 కేలరీలతో పాటు 11 గ్రాముల పైచిలుకు ప్రొటీన్ కూడా ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు క్వాషియార్కర్ అరుదు. మిగిలింది ఎత్తు పెరగని సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంతకుముందు సర్వేలో తెలంగాణ అంకె 28 శాతమే. అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే బాలామృతం పొడి ప్యాకెట్టు ఒక పిల్లవాడి పేరు మీదే వస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒక్కడికే కలిపి పెట్టడం ఏ తల్లి వల్లా కాదు. అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చోబెట్టి తినిపించే గుడ్డు ఆ పిల్లవాడి కడుపులోకే వెళ్తుంది. కానీ రోజూ వచ్చి అక్కడ కూర్చునేది మూడేళ్లు నిండినవాళ్లు. ఎదుగుదల దెబ్బతినేది ఎక్కువగా రెండేళ్ల లోపే.